మిరప మంట మీద ఎస్తేరు చేసిన ప్రయోగం

1999వ సంవత్సరం, జనవరి నెల. చిలకలూరిపేట దగ్గర హైవే దిగి మిరప చేల మధ్యగా లోపలికి వెళితే వచ్చే ఒక ఊళ్ళో, జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను సైన్సు టీచర్ని. అప్పటికి నా సర్వీసు పదకొండేళ్ళు. నాకు ముక్కు మీద కోపమని స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు. పిల్లలకైతే ఇంకా బాగా తెలుసు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలో మొదటి తప్పు నా కోపం వల్లే జరిగింది.

ఏడో తరగతిలో చర్మం పాఠం చెబుతున్నాను. మన ఊరి ఉదాహరణ ఇస్తే బాగా ఎక్కుతుందని, మిరపకాయ తాకితే చెయ్యి మండుతుంది కదా, సబ్బు పెట్టి నీళ్ళతో కడుక్కుంటే పోతుంది అన్నాను. చివరి బెంచీలోంచి ఒక గొంతు వచ్చింది.

"పోదండి టీచర్."

లేచి నిలబడింది ఎస్తేరు. పన్నెండేళ్ళ పిల్ల, బక్కగా ఉంటుంది. వాళ్ళమ్మ మార్తమ్మ మిరప కల్లాల్లో కూలికి పోతుంది. ఆ పిల్ల క్లాసులో నోరు విప్పడం నేను వినడం అదే మొదలు.

"ఏమన్నావే?"

"నీళ్ళకి పోదండి. ఇంకా ఎక్కువైద్ది. మా అమ్మ రోజూ సబ్బుతోనే కడుక్కుంటది. అన్నం తినేటప్పుడు మళ్ళీ మండుద్ది."

"కూర్చో. బయల్దేరావు పెద్ద సైంటిస్టువి!" అన్నాను. క్లాసంతా గొల్లుమని నవ్వింది. ఎస్తేరు కూర్చోలేదు. బెల్లు కొట్టిందాకా అట్లాగే నిలబడింది. నేనూ కూర్చోమని మళ్ళీ అనలేదు. నా పాఠానికి అడ్డం వచ్చిందనే కోపం నాది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సాయంత్రం ఇంటికి వెళుతూ మా బాబాయి కల్లం దగ్గర ఆగాను. కల్లమంటే కోసిన మిరపకాయలు పరిచి ఎండబెట్టే నేల. కాయ ఎండాక ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఒక్కో కాయకూ పైన ఉండే తొడిమ తుంచుతారు. దాన్ని మా వైపు ముచ్చిక అంటారు. ముచ్చికలు తీసేవాళ్ళ చేతులు పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా ఎండు మిరపకాయల్లోనే ఉంటాయి. మాది మిరప పండించే ఇల్లే. చిన్నప్పటి నుంచీ ఆ ఆడవాళ్ళను చూస్తూనే ఉన్నాను. సాయంత్రం వాళ్ళు చేతులేం చేసుకుంటారో ఒక్కరోజైనా అడగలేదు.

ఆ రోజు అడిగాను. "మార్తమ్మా, సబ్బుతో కడిగితే మంట పోదా?"

ఆడవాళ్ళందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని పకపకా నవ్వారు. "పోతే ఇంకేం టీచరమ్మా, హాయిగా ఉండేవోళ్ళం" అంది మార్తమ్మ. బూడిద రుద్దుకుంటే పోద్దని కోటమ్మ అనే పెద్దావిడ అంది. కాదు, పుల్ల మజ్జిగలో చెయ్యి పెట్టాలని దీనమ్మ అంది. దీనమ్మ చంటిపిల్ల తల్లి. ఆముదం రాసుకుంటే దిగుతుందని మార్తమ్మ. ముగ్గురూ వాదులాడుకోవడం మొదలుపెట్టారు. నాకైతే ఏది నిజమో తెలియలేదు. బియస్సీ చదివాను, బియ్యీడీ చదివాను, నిజంగా తెలియలేదు.

మర్నాడు క్లాసులో అందరి ముందూ చెప్పాను. "నిన్న నేను చెప్పింది తప్పు. ఎస్తేరు చెప్పింది నిజం." ఆ తర్వాత ఎస్తేరును స్టాఫ్‌రూముకు పిలిచి, ఏది రాస్తే మంట పోతుందో మనిద్దరం కనుక్కుందామా, సైన్స్ ఫేరుకు అదే పెడదాం అన్నాను.

"నేనాండీ?" అంది.

"నువ్వు కాక నేనా? పోదని లేచి చెప్పింది నువ్వేగా."

సైన్స్ ఫేర్ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు జూనియర్లు. మా డివిజన్‌లో స్కూలుకు ఒక్క జూనియర్ ఎగ్జిబిట్‌నే తీసుకునేవారు. ఎగ్జిబిట్ అంటే బల్ల మీద పెట్టి చూపించే ప్రాజెక్టు. పక్కన పిల్లలు నిలబడి వివరించాలి. దాన్ని చేయించిన టీచరును గైడ్ టీచర్ అంటారు. జడ్జీలకు వర్కింగ్ మోడల్ అంటే ప్రాణం. ఏదో ఒకటి తిరగాలి, బల్బు వెలగాలి, నీళ్ళు కారాలి. అందుకని నరసరావుపేటలో ఒకాయన దగ్గర థర్మోకోల్‌తో చేసిన జలవిద్యుత్ డ్యామ్ కొని తెచ్చేవారు. మా స్కూలు నుంచి రెండేళ్ళుగా అదే డ్యామ్ పోతోంది. ఏటా గోడలకు రంగు మారుస్తారు. వివరించే పిల్లలు మారతారు. నీళ్ళు మాత్రం అవే బల్ల మీద కారుతూ ఉంటాయి.

ఆ ఏడు మా డివిజన్ ఫేర్ ఆలస్యమై ఫిబ్రవరి మూడో వారంలో పడింది. మాకు నాలుగు వారాలు దొరికాయి. స్కూలు అయిపోగానే నేనూ ఎస్తేరూ కల్లానికి వెళ్ళేవాళ్ళం. మమ్మల్ని చూడగానే మా బాబాయి కేకలేశాడు.

"ఏమే అమ్మాయ్, నీ సైన్సుకి నా కూలోళ్ళే దొరికారా? ఎండ పోతుంటే పని చెడగొడతన్నావు!"

"పని దిగాకే చేస్తాం బాబాయ్. నీ కాయ ఒక్కటి కూడా ముట్టుకోం. అరవకు, బీపీ పెరుగుద్ది."

"నాకు బీపీ పెంచేది నువ్వేనే!" అని తిడుతూనే, మేము కూర్చోవడానికి నులకమంచం వేయించాడు.

ప్రయోగంలో కంట్రోల్ ఉండాలని ఎస్తేరుకు చెప్పాను. మందు పెట్టినదాన్ని మందు పెట్టనిదానితో పోల్చి చూడాలి, లేకపోతే తేడా మందు వల్లే వచ్చిందని చెప్పలేం, అదీ కంట్రోల్ అంటే. సగం మందికి ఆముదం, సగం మందికి ఉత్త నీళ్ళు ఇద్దామన్నాను. ఎస్తేరు తల అడ్డంగా ఊపింది.

"కోటమ్మమ్మ చేతులు మొద్దుబారి ఉంటయ్యండి. దీనక్క చేతులు మెత్తన. ఇద్దర్నీ ఎట్టా పోలుస్తామండి? ఒకే మనిషికి ఎడం చేతికి నీళ్ళు, కుడి చేతికి ఆముదం పెడదాం. రెండు చేతులూ ఒక మనిషియ్యే కదండీ."

ఎవరూ చెప్పకుండా, ఏ పుస్తకమూ చూడకుండా ఆ పిల్లకు ఆ ఆలోచన వచ్చింది. నాకు రాలేదు. ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

మంటను కొలవడానికి మా దగ్గర ఏ సాధనమూ లేదు. దానికీ దారి తనే చూపించింది. చెయ్యి శుభ్రం చేశాక ఎవరి వేలు వాళ్ళు కింది పెదవికి ఆనించాలి, ఎడమ వేలు ఎడమ పక్క, కుడి వేలు కుడి పక్క. చురుక్కుమంటే మంట ఉన్నట్టు, లేకపోతే పోయినట్టు. వెంటనే ఒకసారి, పావుగంటకు ఒకసారి, గంటకు ఒకసారి. మా ఇంట్లోని అలారం టైమ్‌పీసు తెచ్చి మంచం మీద పెట్టాం. ఎస్తేరు నోటుబుక్కులో గీతలు కొట్టి ఎడమ, కుడి అని రాసుకునేది. ఆడవాళ్ళు టైమ్‌పీసు చుట్టూ మూగి, "అయిందా టైము? పెట్టమంటావా ఏలు?" అంటూ ఎస్తేరునే అడిగేవాళ్ళు. నన్ను ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

మొదటి పదిరోజులు ఘోరంగా పోయాయి. ఏ మందు పెట్టినా వెంటనే తేడా కనిపిస్తుంది, గంటకల్లా రెండు చేతులూ సమానంగా మండుతున్నాయి. ఆముదం పెట్టిన చెయ్యీ అంతే, నీళ్ళతో కడిగిన చెయ్యీ అంతే. నోటుబుక్కు చూసి నాకు నీరసం వచ్చింది. "ఇది తేలేటట్టు లేదే ఎస్తేరూ. మట్టి రకాల మీద ఒక చార్టు రాసుకుని పోదాం" అన్నాను.

ఎస్తేరు వినిపించుకోలేదు. లేచి వెళ్ళి వాళ్ళమ్మ పక్కన నిలబడి, ఆమె పైట చెంగు పట్టుకుని తన పెదవికి ఆనించుకుంది.

"టీచర్!" అని ఒక్క కేక పెట్టింది. "మంట ఈడుందండీ!"

అప్పుడు తెలిసింది మాకు. ఏం రాసుకున్నా, దేనితో కడుక్కున్నా, ఆడవాళ్ళు ఆ చేతులు తుడుచుకునేది కొంగుకే. పొద్దుటి నుంచీ కాయలు తుంచుతూ చెమట పట్టినప్పుడల్లా చెయ్యి తుడిచిందీ ఆ కొంగుకే. కడిగిన చేతికి కొంగు మళ్ళీ మంట అంటిస్తోంది. అదే కొంగుతో మొహం తుడుచుకుంటారు, పిల్లల ముక్కు తుడుస్తారు. ప్రయోగానికి కావలసినవన్నీ నేనే సమకూర్చాను, కొంగు మాత్రం నా కంటికి ఆనలేదు. రోజూ చూసేదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

దీనమ్మ మొహం పాలిపోయింది. ఆమె తొమ్మిది నెలల కూతురు రోజూ పొద్దుగూకే వేళకు గుక్కపట్టి ఏడుస్తోంది. బుగ్గలు కందిపోతున్నాయి. కోటమ్మ దిష్టి అంది. ఇంకొకరు పాస్టరు గారితో ప్రార్థన చేయించమన్నారు. రెండూ చేయించింది పాపం. ఇంటికి రాగానే పిల్లను ఎత్తుకుని ముందు చేసే పని కొంగుతో మొహం తుడవడమేనని ఆమె ఏడుస్తూ చెప్పింది.

"నేనే నా బిడ్డకి కారం రాశానా టీచరమ్మా?"

నీకు తెలియదుగా అన్నాను.

మర్నాటి నుంచి ప్రయోగం మళ్ళీ మొదలుపెట్టాం. పాత పంచెలు చింపి గుడ్డముక్కలు చేశాం. ఒక్కో చేతికి ఒక్కో ముక్క. ఒకసారి వాడిన ముక్క మళ్ళీ వాడకూడదు. చివరికి తేలింది ఇది. ఉత్త నీళ్ళు పనికిరావు. సబ్బు ఒక్కటే కూడా చాలదు. బూడిదతో కొంత తగ్గుతుంది. మజ్జిగ చల్లగా ఉన్నంతసేపూ హాయినిస్తుంది, తర్వాత మంట తిరిగి వస్తుంది. ముందు ఆముదం రుద్ది, పొడిగుడ్డతో గట్టిగా తుడిచేసి, అప్పుడు సబ్బుతో కడిగి, వేరే గుడ్డతో తుడుచుకుంటే గంట తర్వాత కూడా ఎక్కువమందికి పెదవి మండలేదు. మిరపలో మంటపుట్టించే క్యాప్సైసిన్ అనే పదార్థం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. దాన్ని నూనెతో లాగి, ఆ నూనెను తుడిచెయ్యాలి. నూనె రాసి వదిలేస్తే మంట ఇంకా పాకుతుంది.

దీనమ్మ ఆ రోజు నుంచే ఇంటికి రాగానే చీర మార్చుకుని పిల్లను ఎత్తుకోవడం మొదలుపెట్టింది. మూడో సాయంత్రానికి పిల్ల ఏడుపు ఆగింది. కొంగు వల్లేనని రూఢిగా చెప్పాలంటే ఇంకోసారి చూడాలి, కానీ చంటిపిల్ల జోలికి వెళ్ళకూడదు అన్నాను. "పిల్ల దాకా ఎందుకండీ" అని ఎస్తేరు మార్తమ్మ కొంగు అందుకుని తన బుగ్గలే తుడుచుకుంది. కాసేపటికి రెండు బుగ్గలూ టమాటాల్లా అయ్యాయి. నాకు కోపం వచ్చి నాలుగు తిట్టాను. ఆ పిల్ల ఆముదం గుడ్డతో బుగ్గలు తుడుచుకుంటూనే టైము రాసుకుంది.

ఫేరుకు వారం ఉందనగా హెడ్మాస్టరు గారు గదికి పిలిచారు. ఆయన చెడ్డమనిషి కాదు. స్కూలుకు ప్రైజు రావాలని తాపత్రయం. నోటుబుక్కు అంతా చదివారు.

"రాజ్యలక్ష్మి గారూ, ప్రాజెక్టు బ్రహ్మాండంగా ఉందండి. నేను ఊహించలేదు. డ్యామ్ వద్దు, ఇదే పంపిద్దాం. ఒక చిన్న మార్పు. స్వాతి చెబుతుంది."

స్వాతి ఎనిమిదో తరగతి అమ్మాయి. వక్తృత్వంలో ఎప్పుడూ ఫస్టు వస్తుంది. మంచి పిల్ల.

"స్వాతి ఎందుకండీ? చేసింది ఎస్తేరు కదా."

"ఆ పిల్ల భాష చూశారుగా. మండుద్ది, పోద్ది అంటుంది. జడ్జీల ముందు నిలబడితే మన స్కూలు పరువేం కావాలి? స్వాతి అయితే గడగడా చెబుతుంది. ఎస్తేరు కూడా వస్తుందిలెండి. పక్కనుండి సామాన్లు అందిస్తుంది."

సామాన్లు అందిస్తుంది అన్న మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. తల్లి ఒకళ్ళ కల్లంలో కాయలు తుంచాలి, పిల్ల ఇంకొకళ్ళ బల్ల దగ్గర సామాన్లు అందించాలి. ఆయన ఆ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. ఉద్దేశం లేకుండా అంత సులువుగా అనగలిగారనే నాకు ఎక్కువ మండింది.

"సార్, ఆలోచన ఆ పిల్లది. చేసింది ఆ పిల్ల. బుగ్గలు కాల్చుకుంది ఆ పిల్ల. చెప్పేదీ ఆ పిల్లే. కాదంటే గైడ్ టీచర్‌గా నా పేరు కొట్టేయండి."

"మీకు ప్రతిదానికీ పట్టుదలేనండీ! అయితే డ్యామే పంపిస్తాను."

"పంపించండి. నేనూ వస్తాను. ఈ డ్యామ్ ఎక్కడ కొన్నారో, ఎన్నేళ్ళ నుంచి తిప్పుతున్నారో జడ్జీలకు నేనే వివరిస్తాను."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "బెదిరిస్తున్నారా?"

"అవునండీ" అన్నాను.

ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. ఎంట్రీ ఫారం మీద విద్యార్థిని పేరు దగ్గర ఎస్తేరు అని రాసి ఆయన ముందు పెట్టాను. ఫస్టు బెల్లయింది, సెకండు బెల్లయింది. నేను లేవలేదు. చివరికి ఆయన సంతకం పెట్టి ఫారం నా వైపు తోశారు. ప్రైజు రాకపోతే బాధ్యత మీది, మీ కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో రాస్తాను అన్నారు. రాసుకోండి అన్నాను. ఆ రిపోర్టు మీదే నా ప్రమోషన్ ఆధారపడి ఉందని తెలిసే అన్నాను.

ఇంత వీరంగం వేసి, నేను కూడా మళ్ళీ అదే తప్పు చేశాను. జడ్జీలు ఏమంటారోనని నాలోపలా బెరుకే. ఎస్తేరుకు రెండు పేజీలు గ్రాంథికంగా రాసిచ్చి బట్టీ పట్టమన్నాను. క్యాప్సైసిన్, ద్రావణీయత, ఉపరితలం, ఇలాంటి మాటలన్నీ పెట్టాను. రెండు రోజులు ఆ పిల్ల తడబడింది. మూడో రోజు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది చెబుతుంటే నాకు అబద్ధం చెప్పినట్టుందండీ. నేను చేసింది నాకు తెలిసినట్టు చెబుతానండీ. మీరు వద్దంటే స్వాతక్కనే చెప్పమనండి."

చెంప మీద కొట్టినట్టయింది నాకు. కాగితం ఆ పిల్ల ముందే చింపేశాను.

ఫేరు రోజు మార్తమ్మ పని మానుకుని మాతో వచ్చింది. మా పిల్లని ఎవరేమంటారో నేనూ చూస్తా అంది. నరసరావుపేటలో ఒక స్కూలు హాల్లో బల్లలు వేశారు. మా కుడివైపు డ్యామ్, ఎడమవైపు అగ్నిపర్వతం, ఎదురుగా ఇంకో డ్యామ్. మా బల్ల మీద మాత్రం ఒక పళ్ళెంలో ఎండు మిరపకాయలు, ఆముదం సీసా, సబ్బుబిళ్ళ, మజ్జిగ గ్లాసు, బూడిద, గుడ్డముక్కల దొంతర, టైమ్‌పీసు, నోటుబుక్కు ఉన్నాయి. అటు వెళ్ళేవాళ్ళు ఏంటమ్మా, వంటల పోటీ అనుకున్నారా అని నవ్వారు. ఎస్తేరు ఆ మాట పట్టించుకోలేదు. గుడ్డముక్కలు మళ్ళీ లెక్కగా సర్దుకుంది.

మధ్యాహ్నం జడ్జి వచ్చారు. ఒక కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరట. మనిషి దర్జాగా ఉన్నారు. బల్ల చూసి, ఎస్తేరును చూసి, నోటుబుక్కు రెండు పేజీలు తిప్పి నా వైపు తిరిగారు.

"ఇదంతా మీరు చేసి పిల్లను నిలబెట్టారు కదూ? ఏడో తరగతి పిల్లకు కంట్రోల్ ఏంటండీ? ఈ రెండు చేతుల ఆలోచన ఏంటి?"

"నేను చేయలేదండీ."

"సరే చూద్దాం. మీరు అవతలికి వెళ్ళండి. దూరంగా. సైగలు చేస్తే డిస్‌క్వాలిఫై చేస్తాను."

వెళ్ళి హాలు చివర కిటికీ దగ్గర మార్తమ్మ పక్కన నిలబడ్డాను. మాటలు వినపడవు. తర్వాత ఎస్తేరూ, పక్క బల్ల టీచరూ చెప్పినదాన్ని బట్టి రాస్తున్నాను.

ఆయన పళ్ళెంలోంచి రెండు కాయలు తీసుకుని చేత్తో నలిపారు. "ఇంత దానికి ఇంత హడావిడా? సబ్బుతో కడిగితే పోతుంది" అని బయట కుళాయి దగ్గరకు వెళ్ళి సబ్బుతో కడుక్కుని, జేబులోంచి రుమాలు తీసి తుడుచుకుంటూ వచ్చారు. "చూడు, పోయింది" అన్నారు.

"చేతిది కొంచెం పోయిందండి. మిగతాది రుమాలుకి ఎక్కిందండి. దాంతో మొహం తుడుచుకోబాకండి."

హాలంతా రేకుల కప్పు. ఫిబ్రవరి అయినా ఉక్కపోత. ఆయనకు చెమటలు కారుతున్నాయి. పన్నెండేళ్ళ పిల్ల తుడుచుకోవద్దంటే మానేసే రకం కాదాయన. ఎస్తేరు కళ్ళలోకి చూస్తూనే ఆ రుమాలుతో నుదురు, బుగ్గలు, మూతి శుభ్రంగా తుడుచుకున్నారు. ఎస్తేరు టైమ్‌పీసు చూసి నోటుబుక్కులో టైము రాసుకుంది.

"ఏం రాస్తున్నావు?"

"మీరు తుడుచుకున్న టైమండీ."

నాకు కిటికీ దగ్గర నుంచి కనిపించింది ఇదీ. ఆయన మూతి మీద చెయ్యి వేసుకున్నారు. మళ్ళీ రుమాలు తీయబోయారు. ఎస్తేరు చటుక్కున ఆయన మణికట్టు పట్టుకుంది. "ఆ పిల్ల ఏం చేస్తందమ్మో!" అని మార్తమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. ఎస్తేరు రుమాలు లాగి పక్కన పెట్టింది. ఆముదంలో తడిపిన గుడ్డ ఇచ్చి బుగ్గలు తుడుచుకోమంది, పొడిగుడ్డ ఇచ్చింది, సబ్బు ఇచ్చి కుళాయి దగ్గరకు పంపింది, వేరే గుడ్డ పట్టుకుని ఎదురుచూసింది. కల్లంలో ఆడవాళ్ళతో ఎట్లా ఉండేదో ఆయనతోనూ అట్లాగే ఉంది. చుట్టూ జనం మూగారు. డ్యామ్‌ల దగ్గర ఒక్కళ్ళు లేరు.

మొహం కడుక్కుని వచ్చాక ఆయన గొంతు మారింది.

"ఇది మీ టీచర్ చెప్పిందా నీకు?"

"లేదండీ. టీచర్‌కి తెలీదండీ. టీచర్ కూడా సబ్బుతో పోద్దనే చెప్పారండీ."

ఆ మాట విని జనం నవ్వారట. నవ్వనీ. నా సర్వీసులో నాకు దక్కిన పెద్ద సర్టిఫికెట్ అదే.

ఆ తర్వాత ఆయన ఇరవై నిమిషాలు అక్కడే ఉన్నారు. నోటుబుక్కు మొదటి నుంచీ చదివారు. చెడిపోయిన మొదటి పదిరోజుల లెక్కలు కూడా కొట్టేయకుండా ఎందుకు ఉంచావని అడిగారు. "అయ్యి చెడబట్టే కదండీ కొంగు సంగతి తెలిసింది" అంది ఎస్తేరు.

సాయంత్రం ఫలితాలు చెప్పారు. మాకు ప్రైజు రాలేదు. మొదటి బహుమతి ఎదుటి డ్యామ్‌కు వెళ్ళింది. నేను ఊరుకోలేదు. మార్కుల షీటు చూపించమని నిర్వాహకుల దగ్గర కూర్చున్నాను. గంటసేపు విసిగించాక చూపించారు. వర్కింగ్ మోడల్ అనే గడిలో సున్నా. బల్బు వెలగలేదు కాబట్టి ఆ మార్కులన్నీ పోయాయి. దాని కింద 'విద్యార్థి స్వంత కృషి' అనే గడి ఉంది. అందులో పదికి పది వేసి, కింద సంతకం పెట్టి ఉంది. ఆ పూట హాల్లో ఇంకెవరికీ ఆ గడిలో పది లేదు. మొదటి బహుమతి వచ్చిన డ్యామ్‌కు నాలుగు.

ఎస్తేరును పిలిచి ఆ గడి చూపించాను. చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

బస్సులో మార్తమ్మ అడిగింది. "ఏందంట టీచరమ్మా? ప్రైజు లేదంటగా. మరి ఏమన్నారంట?"

నేను నోరు తెరిచేలోపే ఎస్తేరు చెప్పింది. "నేనే చేశానని ఒప్పుకున్నారమ్మా."

"ఒప్పుకోక చస్తారా!" అంది మార్తమ్మ. అని, కూతురి తల తన ఒళ్ళోకి లాక్కుంది.

హెడ్మాస్టరు గారు అన్నట్టే నా రిపోర్టులో 'మొండి స్వభావం' అని రాశారు. ప్రమోషన్ రెండేళ్ళు ఆలస్యమైంది. ఆయన రాసింది అబద్ధమేం కాదు. ఆ తర్వాత నేను చాలా ఊళ్ళలో పనిచేశాను, చాలామంది పిల్లలతో ప్రాజెక్టులు చేయించాను. ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు వచ్చి, ఈ పిల్ల సరిగా మాట్లాడలేదు టీచర్, ఇంకో పిల్లను నిలబెడదాం అనేవారు. ఎస్తేరు దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే, వాళ్ళందరికీ అదే చెప్పాను. చేసిన పిల్లే చెబుతుంది, తనకు వచ్చిన మాటల్లోనే చెబుతుంది. అది కుదరదంటే ఫేరుకు మా స్కూలు రాదు.